నీటిపొరను కొలిచిన ఆగ్నెస్ పోకెల్స్

ఘనపదార్థమునకు తనదైన ఆకారము కలదు. ద్రవమున కట్టి ఆకారము లేదు. పాత్ర యెట్లుండునో అదియు నట్లే యుండును. అయినను తామరాకుపై బడిన నీటిబొట్టు ముత్యమువలె గుండ్రముగా నిలుచును. మెల్లగా నుంచినచో ఉక్కుసూది సైతము నీటిపై తేలును. నీటి పైపొర సాగదీసిన తోలువలె బిగువుగా నుండుటయే యిందులకు కారణము. లోపలి అణువులను చుట్టునున్న అణువులు అన్నివైపులకు సమముగా నాకర్షించును. పైన నున్నవానికి మీదివైపున తోడు లేదు. కావున అవి లోనికి లాగబడును. ఈ బిగువునే తలతన్యత యందురు. దీనిని కొలుచుటకు చక్కని మార్గమును చూపినది కళాశాల మెట్లెక్కని యొక జర్మను వనిత. ఆమెయే ఆగ్నెస్ పోకెల్స్.

ఆగ్నెస్ 1862 ఫిబ్రవరి 14వ తేదీన వెనిస్ నగరమున జన్మించెను. నేడు ఇటలీలో నున్న ఆ నగరము నాడు ఆస్ట్రియా యేలుబడిలో నుండెను. ఆమె తండ్రి ఆస్ట్రియా సైన్యమున ఉద్యోగి. మలేరియా జ్వరముచే అతని ఆరోగ్యము చెడగా, 1871లో కుటుంబము జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణము చేరెను. అచ్చటి బాలికల పాఠశాలలో చదువుచుండగనే ఆగ్నెస్‌కు భౌతికశాస్త్రముపై మిక్కిలి ప్రీతి కలిగెను. కాని ఆ కాలమున విశ్వవిద్యాలయములు స్త్రీలను చేర్చుకొనెడివి కావు. తరువాత ద్వారములు తెరువబడినను, తల్లిదండ్రుల కోరికపై ఆమె యింటనే యుండిపోయెను. వ్యాధిపీడితులైన వారికి సేవ చేయుట, వంట, ఇంటిపని, ఇవియే ఆమె దినచర్య. మూడేండ్లు చిన్నవాడైన తమ్ముడు ఫ్రీడ్రిక్ గొట్టింగెన్‌లో భౌతికశాస్త్రము నభ్యసించుచుండెను. అతడు సమకూర్చిన గ్రంథములే ఆమెకు గురువులు.

గిన్నెలు కడుగు నీటిలో జిడ్డు చేరినంతనే నీటి స్వభావము మారుట ఆమె గమనించెనని చెప్పుదురు. ఆ దృశ్యమును ప్రతి గృహిణియు చూచినదే. కొలువవలెనని తలచినది ఈమె. దాదాపు ఇరువదియేండ్ల ప్రాయమున ఆమె యొక తగరపు తొట్టిని సిద్ధపరచెను. దాని పొడవు 70 సెంటీమీటర్లు, వెడల్పు 5, లోతు 2. అందు అంచువరకు నీరు నింపి, పైన అడ్డముగా నొక తగరపు పట్టీ నుంచెను. పట్టీని జరిపిన కొలది ఒకవైపు నీటితలము తగ్గును, రెండవవైపు పెరుగును. త్రాసునుండి వ్రేలాడు 6 మిల్లీమీటర్ల బిళ్లను నీటికి తాకించి, దానిని విడదీయుట కెంత బరువు కావలెనో చూచెను. ఆ బరువునుబట్టి తలతన్యత తెలియవచ్చెను. జిడ్డు సోకిన తలమును కుదించుచు పోగా, తన్యత మొదట మారదు. ఒక హద్దు దాటగనే తటాలున పడిపోవును! ఆ హద్దున జిడ్డు ఒక్క అణువు మందముగల పొరయై యుండునని తరువాతివారు గ్రహించిరి.

పదేండ్లు గడచినను దీనిని ప్రచురించుటకు ఆమెకు మార్గము దొరకలేదు. ఇంతలో ఆంగ్ల శాస్త్రవేత్త రేలీ ప్రభువు ఇట్టి ప్రయోగములే చేయుచున్నట్లు ఆమె కెరుకయ్యెను. తన శ్రమయంతయు మరుగున పడునేమో! 1891 జనవరిలో ఆమె ధైర్యము చేసి అతనికి జాబు వ్రాసెను. రేలీ భార్య దానిని ఆంగ్లమునకు మార్చెను. పరిచయము లేని స్త్రీ వ్రాసిన జాబును ప్రక్కన బెట్టిన అడుగువారెవరు? కాని అతడు దానిని నేచర్ పత్రికకు పంపెను. అది మార్చి 12న వెలువడెను.

ఆపైన ఆమె మరికొన్ని వ్యాసములు ప్రకటించెను. 1913లో తమ్ముడు మరణించెను. 1932లో, డెబ్బదవ యేట, బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాలయము ఆమెకు గౌరవ డాక్టరు పట్టము నొసగెను. అదే యేడు అమెరికా శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ ఉపరితల రసాయనశాస్త్రమున చేసిన కృషికి నోబెల్ బహుమతి నందెను. ఆగ్నెస్ తొట్టిని మెరుగుపరచి వాడినవా డతడే. 1935 నవంబరులో ఆమె బ్రౌన్‌ష్వైగ్‌లో కన్నుమూసెను. ప్రయోగశాలలలో ఆ తొట్టి నేటికిని వాడుకలో నున్నది. దానిని లాంగ్‌మ్యూర్ తొట్టి యని పిలుతురు.