మన షాపులకు మూలగురువు హెన్రీ మాడ్స్‌లే

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. పెన్షన్ లెక్కల గురించి, వైద్య సదుపాయాల గురించి వ్రాయడానికి నాకంటే బాగా తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది మెషిన్ షాపు, ఆ తరువాత అప్రెంటిసుల శిక్షణ విభాగం. కనుక ఆ పనికి సంబంధించిన ఒక మహనీయుని జీవితమే వ్రాయదలచాను.

దీనికి కారకుడు మా మనుమడు. వాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమాలో చేరాడు. మొదటి నెలల్లోనే వాడి చేతికి ఒక ఇనుప దిమ్మ, ఒక ఆకురాయి ఇచ్చి, అన్ని ముఖాలూ మూలమట్టానికి సరిపోయేలా చేసి తెమ్మన్నారట. అరచేతులు బొబ్బలెక్కి ఇంటికి వచ్చాడు. ప్రోగ్రాం ఇస్తే సి.ఎన్.సి. మెషిన్ నిమిషాల్లో చేసిపెట్టే పనికి ఈ చాకిరీ ఎందుకు తాతయ్యా అని అడిగాడు. ఆ ప్రశ్న తీసిపారేయదగినది కాదు. జవాబుగా వాడికి హెన్రీ మాడ్స్‌లే కథ చెప్పాను.

మాడ్స్‌లే 1771 ఆగస్టు 22న ఇంగ్లండులో, లండన్ దగ్గర వూలిచ్‌లో పుట్టాడు. తండ్రి సైన్యంలో బండిచక్రాలు చేసే పనివాడు. గాయపడిన తరువాత అక్కడి ఆయుధాగారంలో స్టోర్ కీపరుగా ఉండేవాడు. పన్నెండేళ్ళ వయసులోనే కుర్రవాడు అదే ఆయుధాగారంలో తూటాల్లో మందు కూరే పనికి కుదిరాడు. రెండేళ్ళ తరువాత వడ్రంగం షాపుకు మార్చారు. కానీ వాడి మనసంతా పక్కనున్న కమ్మరి కొలిమి మీదే. పదిహేనో ఏట అక్కడికే పంపారు. ఇనుముతో పనిచేయడంలో ఆ పిల్లవాని చేతివాటం గురించి చుట్టుపక్కల షాపుల్లో చెప్పుకోసాగారు.

ఆ మాట లండన్‌లో తాళాలు చేయించే జోసెఫ్ బ్రామా చెవిన పడింది. 1784లో ఆయన పేటెంటు తీసుకున్న తాళం చాలా గొప్పది. కానీ దాని భాగాలు అంత సన్నగా, అంత కచ్చితంగా చేయగల పనివారు దొరకలేదు. 1789లో మాడ్స్‌లేని పిలిపించారు. అప్పటికి అతనికి పద్ధెనిమిదేళ్ళు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ రోజుల్లో ఏడేళ్ళ అప్రెంటిస్‌షిప్ పూర్తి చేయనివాడిని తోటి పనివారు తమ వరుసలో నిలబడనిచ్చేవారు కాదు. మాడ్స్‌లే దగ్గర అటువంటి కాగితమేదీ లేదు. అప్పుడతను అక్కడ పడి ఉన్న అరిగిపోయిన బెంచి వైసును చూపించి, సాయంత్రం ఆరులోపల దానిని కొత్తదానిలా చేసి ఇస్తే తనను ఒప్పుకుంటారా అని మేస్త్రీని అడిగాడు. దవడలకు కొత్త ఉక్కు అతికి, ఆకురాయి పట్టి, పళ్ళు కోసి, పదును పెట్టి, ఆరు కాకముందే బిగించి చూపాడు. ఆ మరునాటి నుంచి అతని సర్టిఫికెట్ గురించి ఎవరూ అడగలేదు.

అక్కడ ఎనిమిదేళ్ళు పనిచేశాడు. ఆ తాళాలు చేయడానికి కావలసిన చిన్న యంత్రాలన్నీ తానే తయారుచేశాడు. హెడ్ ఫోర్‌మన్ అయ్యాడు. బ్రామా ఆ తాళం ఒకటి కిటికీలో పెట్టి, తెరిచినవారికి 200 గినీలు బహుమతి ప్రకటించాడు. 1851లో ఒక అమెరికన్ రోజుల తరబడి కష్టపడి తెరిచేవరకు అది ఎవరికీ లొంగలేదు. ఇంతటి పనివానికి వారానికి 30 షిల్లింగుల జీతం. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. 1797లో జీతం పెంచమని అడిగితే బ్రామా కుదరదన్నాడు. మాడ్స్‌లే బయటికి వచ్చి వెల్స్ వీధిలో సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాడు. కొద్ది షిల్లింగుల దగ్గర వెనుకాడి ఆ యజమాని ఎవరిని పోగొట్టుకున్నాడో చరిత్రే చెప్పింది. కొత్త షాపుకు వచ్చిన మొదటి పని, ఒక చిత్రకారుడు బొమ్మ నిలబెట్టుకునే ఇనుప స్టాండు!

ఆ షాపులోనే 1800 ప్రాంతంలో అతను చేసిన లేత్ మన వృత్తికి పునాది. అంతకుముందు టర్నర్ ఉలిని చేత్తో పట్టుకొని తిరిగే ఇనుముకు ఆనించేవాడు. చేయి వణికితే పని చెడేది. మాడ్స్‌లే పూర్తిగా ఇనుముతో, సమతలంగా చేసిన దిమ్మెల మీద జరిగే పనిముట్టు బండి పెట్టాడు. దానిని నడపడానికి లీడ్ స్క్రూ పెట్టి, గేర్లు మార్చితే కావలసిన థ్రెడ్ కోసుకునే వీలు కల్పించాడు. ఇవి విడివిడిగా అతనికి ముందే కొందరు ప్రయత్నించినవే. మూడింటినీ కలిపి, నమ్మదగిన యంత్రంగా షాపులో నిలబెట్టిన ఘనత అతనిది.

ఆ రోజుల్లో బోల్టు, నట్టు జతగా చేసేవారు. ఒక నట్టు మరో బోల్టుకు ఎక్కేది కాదు. మెషిన్ విప్పేటప్పుడు ప్రతి జతకూ గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే మళ్ళీ బిగించడం అసాధ్యం. ఆ బాధను తన షాపులో అతను తీర్చాడు. అయిదడుగుల పొడవు, రెండంగుళాల మందం గల కడ్డీ మీద అంగుళానికి 50 చుట్ల చొప్పున అతను కోసిన ఒక స్క్రూకు పన్నెండంగుళాల నట్టు ఎక్కించారు. అంటే ఒకేసారి 600 చుట్లు కలిసి కదలాలన్నమాట. లేత్ మీద పనిచేసినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది.

తరువాత అతని పేరు మోగిపోయింది పోర్ట్స్‌మత్ నౌకాకేంద్రంలో. తెరచాప ఓడలకు కప్పీలు కావాలి. ఒక్క యుద్ధనౌకకే సుమారు వెయ్యి పడతాయి. మార్క్ బ్రూనెల్ రూపకల్పన చేసిన 40కి పైగా యంత్రాలను మాడ్స్‌లే తయారుచేశాడు. 1808 నాటికి అవి ఏటా 1,30,000 కప్పీలు చేయసాగాయి. 110 మంది నిపుణులు చేసే పని పదిమంది మామూలు కూలీలు చేశారని లెక్క. ఇక్కడ మా మనుమడు ఆపాడు. మిగిలిన వందమంది ఏమయ్యారు తాతయ్యా అన్నాడు. యూనియన్‌లో తిరిగినవాడిని, ఆ ప్రశ్నను నేను దాటవేయలేను. వారి చేతివిద్యకు విలువ పోయింది, అది నిజం. అయితే ఆ యంత్రాలను చేయడానికి మాడ్స్‌లేకు అంతకంటే నిపుణులైన చేతులు కావలసి వచ్చాయి. అవి దొరకక, తానే తయారుచేసుకున్నాడు. మన మాటలో చెప్పాలంటే అతని షాపే కాలేజీ అయింది.

1810లో లాంబెత్‌లో ఒక పాత గుర్రపుస్వారీ శాలలో పెద్ద కర్మాగారం పెట్టాడు. అక్కడ పనివారి బెంచీల మీద అచ్చంగా సమతలంగా చేసిన ఇనుప పలకలు ఉండేవి. ఎవరి పని వారు దాని మీద పెట్టి చూసుకోవలసిందే. కొలతలో తగాదా వస్తే తీర్పు చెప్పడానికి 1805 ప్రాంతంలో తాను చేసుకున్న మైక్రోమీటర్ ఉండేది. అంగుళంలో పదివేలో వంతు చదివే ఆ పరికరానికి దేశపు అత్యున్నత న్యాయాధికారి పేరిట లార్డ్ ఛాన్సలర్ అని ముద్దుపేరు. దాని తీర్పు మీద అప్పీలు లేదు. ఇప్పుడది లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. యజమాని అయినా ఆకురాయి వదలలేదు. పద్ధెనిమిదంగుళాల ఆకురాయి అతను పడుతుంటే చూడవలసిందేనని పాత పనివారు చెప్పుకునేవారు. ఏ పనికైనా ముందు ఏమి కావాలో మనసులో స్పష్టం చేసుకోవాలని, అక్కరలేని బరువు, అక్కరలేని చిక్కు తీసేయాలని అతని బోధ.

ఫీజు కట్టి చేరే ధనవంతుల పిల్లలను మొదట్లో తీసుకున్నాడు. వారు వేళకు రారు, వచ్చినా పనివారిని చెడగొడతారు. విసిగి ఆ పద్ధతి ఎత్తివేశాడు. 1829లో జేమ్స్ నాస్మిత్ అనే ఇరవై ఏళ్ళ యువకుడు తండ్రితో కలిసి స్కాట్లండు నుంచి వచ్చాడు. అప్రెంటిసులను తీసుకోవడం లేదని మాడ్స్‌లే చెప్పి, అయినా మర్యాదకు షాపు చూపించాడు. ఇంజనుకు బూడిద తోడుతున్న మనిషిని చూసి, ఆ పని దొరికినా చాలునన్నాడట ఆ కుర్రవాడు. తాను చేసిన చిన్న ఆవిరియంత్రం, గీసిన డ్రాయింగులు తెచ్చి చూపాడు. వాటిని తిప్పి తిప్పి చూసిన మాడ్స్‌లే, అతనిని ఏకంగా తన సొంత పనిగదిలో సహాయకుడిగా పెట్టుకున్నాడు. వారానికి పది షిల్లింగుల జీతం. తాను ఒకనాడు వైసుతో ఇచ్చిన పరీక్షనే మరొకరి నుంచి స్వీకరించాడన్నమాట.

ఆ నాస్మిత్ తరువాత ఆవిరి సుత్తి కనిపెట్టాడు. అదే షాపు నుంచి వచ్చిన రిచర్డ్ రాబర్ట్స్ 1817లో ప్లేనింగ్ మెషిన్ చేశాడు. జోసెఫ్ క్లెమెంట్, బాబేజ్ తలపెట్టిన లెక్కల యంత్రానికి భాగాలు చేశాడు. కంప్యూటర్‌కు ముత్తాత వంటి ఆ యంత్రం కూడా ఆకురాయి పట్టిన చేతుల మీదుగానే వచ్చిందని చెబితే మా వాడు కళ్ళు పెద్దవి చేశాడు. ఇక జోసెఫ్ విట్‌వర్త్ పేరు మనలో తెలియనిదెవరికి? 1841లో అతను ప్రతిపాదించిన 55 డిగ్రీల థ్రెడ్ మన పాత మెషిన్లన్నింటిలోనూ ఉండేది. మెట్రిక్ వచ్చాక రెండు రకాల స్పానర్లతో మనం పడిన తిప్పలు మరచిపోగలమా! ఆ విట్‌వర్త్ 1868లో పెద్ద మొత్తం ఇచ్చి, యువ ఇంజనీర్లకు స్కాలర్‌షిప్‌లు నెలకొల్పాడు. సిద్ధాంతంతో పాటు చేతిపనిలోనూ ఆరితేరినవారికే అవి ఇవ్వాలని అతని కోరిక. గురువు షాపులో నేర్చినది కాలేజీ చదువులోకి తెచ్చినవారిలో అతను ముఖ్యుడు.

మాడ్స్‌లే చేతిపని మన దేశానికీ వచ్చింది. 1825లో ఇంగ్లండు నుంచి 113 రోజుల్లో కలకత్తా చేరిన మొదటి ఆవిరి ఓడ ఎంటర్‌ప్రైజ్‌కు ఇంజన్లు అతని కంపెనీవే. 1831లో ఫ్రాన్సులో జబ్బుపడిన మిత్రుని చూసి వస్తూ, సముద్రం మీద చలి తగిలి, ఫిబ్రవరి 14న కన్నుమూశాడు. వూలిచ్ చర్చి ఆవరణలో, తానే డిజైన్ చేసుకున్న పోత ఇనుప సమాధి కింద పెట్టారు. కొడుకులు, భాగస్వామి జాషువా ఫీల్డ్ నడిపిన ఆ కంపెనీ 19వ శతాబ్దం చివర మూతపడింది. షాపు పోయింది. శిష్యుల చేతిలోని పని మాత్రం దేశదేశాలకు పాకింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక ఏడాది గడువు దగ్గరపడుతోందని, మూలమట్టం కింద వెలుతురు కనిపిస్తున్న దిమ్మలకు కూడా సరేనని సంతకం పెట్టాను. కొన్నేళ్ళకు ఆ బ్యాచి కుర్రవాడొకడు, లేత్ బెడ్డు స్క్రేపింగ్ ఎంతకీ కుదరక, ఎవరూ చూడకుండా నా దగ్గరకు వచ్చాడు. సమతలమంటే ఏమిటో వాడికి చేతితో తెలియదు. తెలియజేయవలసినవాడిని నేనే. డ్యూటీ అయ్యాక రెండు వారాలు కూర్చొని మళ్ళీ మొదటి నుంచి నేర్పాను.

అందుకే మనుమడికి చెప్పాను. మెషిన్ చెప్పినట్లు చేస్తుంది, సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవలసింది నువ్వు. ఆ తెలివి బొబ్బలతోనే వస్తుంది. వాడు ఒప్పుకున్నాడో లేదో గాని, ఆదివారం నాడు నా పాత ఆకురాయి అడిగి తీసుకున్నాడు.

మిత్రులారా, మనలో ఎందరో ఫిట్టర్లు, టర్నర్లు, గ్రైండర్లు ఉన్నారు. దగ్గరలో ఐ.టి.ఐ. గాని పాలిటెక్నిక్ గాని ఉంటే, అక్కడివారు ఒప్పుకుంటే, వారానికి ఒక పూట వెళ్ళి పిల్లల పక్కన నిలబడండి. మన చేతిలో ఉన్నది మనతోనే పోకూడదు. సెలవు.