సుద్దముక్క గీతలో కూర్చున్న పిల్లాడు.. చెట్ల కింద బడి పెట్టాడు! నగలు అమ్మి నడిపిన ఠాగూర్ స్కూల్ కథ

బడి గంట కొట్టాక ఆటలు, పాటలు, నాటకాలు, మొక్కల పెంపకం.. ఇప్పుడు వీటన్నింటికీ విడిగా ఫీజులు కట్టి మరీ పిల్లల్ని క్లబ్బుల్లో, సమ్మర్ క్యాంపుల్లో చేర్పిస్తున్నారు తల్లిదండ్రులు. కానీ 120 ఏళ్ల కిందటే ఒకాయన వీటిని బడి అయ్యాక కాదు, బడిలోనే పెట్టారు. చదువు వేరు, ఆట వేరు అనే గోడనే తీసేశారు. ఆ బడి కోసం భార్య నగలు అమ్మారు. అది నడుస్తుండగానే ఇంట్లో ఒక్కొక్కరినీ పోగొట్టుకున్నారు. అయినా బడి మూయలేదు.

ఆయనే విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్. జనగణమన రాసిన కవిగా, నోబెల్ గ్రహీతగా ఆయన అందరికీ తెలుసు. చిన్నపిల్లల బడి నడిపిన మాస్టారుగా మాత్రం తెలిసింది తక్కువే.

ఈ గీత దాటితే అంతే!

1861 మే 7న కోల్‌కతాలోని జొరాసాంకో ఇంట్లో పుట్టారు ఠాగూర్. చాలా పెద్ద కుటుంబం. పిల్లల ఆలనాపాలనా అంతా నౌకర్ల చేతుల్లోనే. వాళ్లలో శ్యామ్ అనే నౌకరు ఒక ఉపాయం కనిపెట్టాడు. పిల్లాణ్ని ఒకచోట కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసేవాడు. దాటితే ప్రమాదమని భయపెట్టి తన పని చూసుకోవడానికి వెళ్లిపోయేవాడు.

లక్ష్మణరేఖ దాటిన సీతమ్మకు ఏమైందో ఆ పిల్లాడికి తెలుసు. అందుకే కదిలేవాడు కాదు. పక్కనే కిటికీ. కిందికి చూస్తే చెరువు, దాని గట్టున పెద్ద మర్రిచెట్టు. స్నానాలకు వచ్చేవాళ్లను, బాతులను, చెట్టు నీడను చూస్తూ గంటలు గంటలు గడిపేసేవాడు.

స్కూల్లో వేసినా అదే పరిస్థితి. ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూల్, బెంగాల్ అకాడమీ, సెయింట్ జేవియర్స్.. ఇన్ని మార్చినా ఎక్కడా కుదురుకోలేదు. నాలుగు గోడలు, బెంచీలు, అప్పజెప్పే పాఠాలు అస్సలు పడలేదు. పద్నాలుగేళ్లు వచ్చేసరికి బడికి పూర్తిగా దూరమయ్యాడు. చదువు ఇంట్లోనే సాగింది.

నాన్న చేతికిచ్చిన గడియారం

1873లో ఉపనయనం అయింది. గుండు తలతో స్కూలుకు ఎలా వెళ్లాలా అని బెంగపడుతున్న కొడుకును తండ్రి దేవేంద్రనాథ్ తన వెంట ప్రయాణానికి తీసుకెళ్లారు. మొదటి మజిలీ బోల్‌పూర్ దగ్గరున్న శాంతినికేతన్. రెండు ఏడాకుల పాల చెట్లు చూసి ముచ్చటపడి, చుట్టూ ఉన్న బంజరు నేలను దేవేంద్రనాథ్ ధ్యానం కోసం 1863లోనే తీసుకున్నారు.

అక్కడ గీతల్లేవు. పిల్లాడు ఎర్రమట్టి గుట్టల్లో ఒంటరిగా తిరిగేవాడు. రంగురంగుల గులకరాళ్లు ఏరుకొచ్చి తండ్రికి చూపించేవాడు. ఆయన విసుక్కునేవారు కాదు. పైగా చిల్లర డబ్బుల లెక్క, తన బంగారు గడియారానికి కీ ఇచ్చే పని కూడా కొడుక్కే అప్పగించారు. పిల్లాడు ఎంత శ్రద్ధగా కీ ఇచ్చాడంటే.. చివరికి దాన్ని రిపేరుకు పంపాల్సి వచ్చింది!

అక్కడి నుంచి అమృత్‌సర్, తర్వాత డల్హౌసీ కొండలు. పగలు సంస్కృతం, ఇంగ్లిష్ పాఠాలు. చీకటి పడ్డాక ఆరుబయట నక్షత్రాల పాఠం. మధ్యలో దేవదారు అడవుల్లో చేతికర్రతో ఒంటరిగా తిరుగుళ్లు. పాఠం, ఆకాశం, నడక ఒకే రోజులో ఇమిడిపోతాయని ఆ కొన్ని నెలల్లో తెలిసింది. అది ఆయన మర్చిపోలేదు.

ఐదుగురు పిల్లలతో మొదలు

1890ల్లో జమీ వ్యవహారాలు చూసుకుంటూ పద్మా నది ఒడ్డున షిలైదాలో ఉన్నారు ఠాగూర్. ఐదుగురు పిల్లల తండ్రి. తాను పారిపోయిన బడికి తన పిల్లల్ని పంపడం ఇష్టం లేక ఇంటి దగ్గరే చదువు చెప్పించారు.

1901 డిసెంబర్ 22న శాంతినికేతన్‌లో బడి తెరిచారు. విద్యార్థులు ఐదుగురే! వాళ్లలో పెద్దకొడుకు రథీంద్రనాథ్ ఒకరు. బడికి నిధుల్లేవు. భార్య మృణాళినీ దేవి తన నగలు ఇచ్చేశారు. పూరీలో ఉన్న ఇల్లు కూడా అమ్మేశారు. ఆమె నగలివ్వడంతో ఆగలేదు, ఇల్లొదిలి వచ్చిన ఆ పిల్లలకు వంట చేసి పెట్టారు.

బడి మొదటి రోజు నుంచే అంతా గొప్పగా ఉందనుకుంటే పొరపాటే. పాతకాలపు గురుకులం పద్ధతిలో మొదలైంది. బ్రాహ్మణ పిల్లలు బ్రాహ్మణేతర ఉపాధ్యాయుడి కాళ్లకు దండం పెట్టాలా వద్దా అన్న గొడవ వచ్చినప్పుడు ఠాగూర్ ఆచారం వైపే మొగ్గారు. ఆ తర్వాతి ఏళ్లలో ఆయన ఆలోచన మారింది. బడి కూడా మారింది. కులం, మతం, ఆడామగా తేడా లేకుండా అందరికీ చోటిచ్చింది.

క్లాస్‌రూమ్ అంటే చెట్టు నీడే

పిల్లలు తెల్లవారకముందే లేవాలి. గదులు ఊడ్చుకోవాలి, చన్నీళ్ల స్నానం చేయాలి, కాసేపు మౌనంగా కూర్చోవాలి. ఆ తర్వాత ఎవరి చాప వాళ్లు తీసుకుని చెట్టు కిందికి వెళ్లాలి. మాస్టారు మధ్యలో, పిల్లలు చుట్టూ. వాన పడితే క్లాసు ఆగిపోయినట్టే.

సాయంత్రం బడి అయిపోయేది కాదు, ఇంకో రకంగా మొదలయ్యేది. కథలు, పాటలు, నాటకాల రిహార్సల్స్. పిల్లలు తాము రాసినవి చదివి వినిపించే సాహిత్య సభలు. చేత్తో రాసి, బొమ్మలు వేసి తయారుచేసిన పత్రికలు. ఎవరైనా తప్పు చేస్తే విచారించడానికి పిల్లల సొంత సభ కూడా ఉండేది. జమీ కచేరీలో పనిచేసిన జగదానంద రాయ్ ఇక్కడ సైన్స్ మాస్టారయ్యారు. గ్రహాలు, నక్షత్రాల గురించి పిల్లలకు అర్థమయ్యే బెంగాలీలో పుస్తకాలు రాశారు.

నాటకాలు ఎక్కడినుంచో తెచ్చినవి కావు. ఠాగూరే రాసేవారు, పిల్లలతో కలిసి ఆడేవారు. 1908లో వచ్చిన శారదోత్సవ్ నాటకం అలా బడి పిల్లల కోసం రాసిందే.

ఇల్లు ఖాళీ అవుతున్నా..

బడి పెట్టి ఏడాది కూడా నిండలేదు. 1902 నవంబర్‌లో మృణాళినీ దేవి చనిపోయారు. మరుసటి ఏడాది కూతురు రేణుకకు క్షయ. ఆమెను అల్మోరా కొండలకు తీసుకెళ్లి, పక్కనే కూర్చుని పిల్లల కోసం కవితలు రాశారు ఠాగూర్. శిశు సంపుటిలోని చాలా కవితలు అప్పటివే. రేణుక మాత్రం దక్కలేదు.

1904లో ఇంకో దెబ్బ. పిల్లలు ప్రాణంగా చూసుకున్న కుర్ర మాస్టారు సతీశ్‌చంద్ర రాయ్ మశూచితో కన్నుమూశారు. పిల్లలకు సోకుతుందన్న భయంతో బడిని కొన్నాళ్లు షిలైదాకు తరలించాల్సి వచ్చింది. 1905లో తండ్రి దేవేంద్రనాథ్ కూడా వెళ్లిపోయారు.

ఆ తర్వాత చిన్నకొడుకు శమీంద్రనాథ్. ఇంట్లో అందరికీ శమీ. 1907 ఫిబ్రవరిలో వసంత పంచమి రోజు ఈ పదేళ్ల పిల్లాడు స్నేహితుల్ని పోగేసి, రుతువుల వేషాలు వేయించి, శాంతినికేతన్‌లో ఒక పండుగ చేశాడు. పెద్దవాళ్లు చెప్పి చేయించింది కాదు. పిల్లల సొంత ఆలోచన.

అదే ఏడాది నవంబర్‌లో సెలవులకని ముంగేర్ వెళ్లిన శమీకి కలరా సోకింది. ఠాగూర్ పరుగున వెళ్లినా కొడుకు బతకలేదు. బెంగాలీ క్యాలెండర్ ప్రకారం ఐదేళ్ల కిందట తల్లి పోయిన రోజూ, శమీ పోయిన రోజూ ఒకటే.

ఠాగూర్ తిరిగొచ్చారు. బడికి వెళ్లారు. శమీ మొదలెట్టిన పండుగ ఆగలేదు. తర్వాతి ఏళ్లలో వానకొకటి, శరత్తుకొకటి, వసంతానికొకటి అని రుతువుల పండుగలే ఆ బడి గుర్తుగా మారాయి. శాంతినికేతన్ వసంతోత్సవానికి తొలి అడుగు ఆ పదేళ్ల పిల్లాడిదే.

బడి మీద సర్కారు కన్ను

బెంగాల్ విభజన వ్యతిరేక ఉద్యమం రోజులవి. ఠాగూర్ పాటలు వీధుల్లో మార్మోగాయి. దాంతో బ్రిటిష్ ప్రభుత్వానికి ఈ బడి మీద అనుమానం. ప్రభుత్వోద్యోగుల పిల్లలకు ఈ బడి తగదంటూ తూర్పు బెంగాల్, అస్సాం ప్రభుత్వం రహస్య సర్క్యులర్ పంపింది. కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. మొదటే డబ్బు లేని బడికి ఇది పెద్ద ఎదురుదెబ్బ.

1913 నవంబర్‌లో నోబెల్ బహుమతి వార్త వచ్చింది. ఆ సొమ్మును ఠాగూర్ రైతులకు అప్పులిచ్చే పతిసర్ వ్యవసాయ బ్యాంకులో వేశారు. దానిమీద వచ్చే వడ్డీ బడి ఖర్చులకు!

గాంధీ వచ్చారు.. వంటవాళ్లకు సెలవు

దక్షిణాఫ్రికాలోని ఫీనిక్స్ ఆశ్రమం పిల్లలు 1914లో ఇండియాకు వచ్చి శాంతినికేతన్‌లోనే ఉన్నారు. 1915లో గాంధీ అక్కడికి వచ్చి వంటవాళ్లు, పనివాళ్లు ఎందుకని అడిగారు. మార్చి 10 నుంచి పిల్లలు, మాస్టార్లు కలిసి వంట, అంట్లు, ఊడ్పు పనులు మొదలుపెట్టారు. ఆ ప్రయోగం ఎక్కువకాలం నడవలేదు. కానీ ఏటా మార్చి 10న పనివాళ్లకు సెలవిచ్చి అన్ని పనులూ తామే చేసుకునే అలవాటు మాత్రం అక్కడ నిలిచిపోయింది.

మదనపల్లెతో బంధం

తెలుగు నేలతోనూ ఈ కథకు ముడి ఉంది. 1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో ఉన్న ఠాగూర్ మదనపల్లెలోని థియొసాఫికల్ కాలేజీలో కొన్ని రోజులు గడిపారు. విద్యార్థుల మధ్య జనగణమన పాడి వినిపించారు. దాని ఇంగ్లిష్ అనువాదం చేసింది అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారు.

శాంతినికేతన్‌లో చదువుకున్న తెలుగువాళ్లలో బెజవాడ గోపాలరెడ్డి ఒకరు. తర్వాత ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. గురువు రచనల్ని తెలుగులోకి తెచ్చారు.

ఊరి పిల్లలకు ఏదీ?

1921లో విశ్వభారతి ఏర్పడింది. దేశవిదేశాల పండితులు వచ్చారు. కానీ ఠాగూర్‌ను ఒక లోటు బాధించింది. శాంతినికేతన్‌లో చదివేది ఎక్కువగా కలిగినవాళ్ల పిల్లలే. చుట్టుపక్కల ఊళ్లలో మలేరియా, అప్పులు, ఆకలి.

1922లో ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లిష్ యువకుడితో కలిసి పక్కనే సురుల్‌లో గ్రామాల పని మొదలైంది. అదే శ్రీనికేతన్. ఊరి పిల్లల్ని స్కౌట్ల తరహాలో జట్లుగా చేర్చారు. పేరు వ్రతీ బాలక్. ఆటలు, తోటపని, ఊరి శుభ్రత, దోమల నివారణ.. ఈ పిల్లల జట్లు చేసిన పనులివి.

1924లో శిక్షాసత్ర అనే మరో బడి. కొద్దిమంది పేద పిల్లలే విద్యార్థులు. ఎవరి మడి వాళ్లు సాగుచేయాలి, వంట నేర్చుకోవాలి, మగ్గం నేయాలి. లెక్కలు, సైన్స్ ఆ పనుల్లోంచే రావాలి. దాన్ని చూసుకున్నది సంతోష్ మజుందార్. ఠాగూర్ బడి తొలినాళ్ల విద్యార్థి. రథీంద్రనాథ్‌తో పాటు అమెరికా వెళ్లి వ్యవసాయం చదివొచ్చాడు. రెండేళ్లకే ఆయనా చనిపోయాడు. అయినా శిక్షాసత్ర ఆగలేదు.

1928లో వానాకాలంలో మొక్కలు నాటే పండుగ వృక్షారోపణ్, దుక్కి దున్నే పండుగ హలకర్షణ్ మొదలయ్యాయి. 1930లో చిన్నపిల్లల కోసం సహజ్ పాఠ్ అనే తొలి వాచకాలు వచ్చాయి. రాసింది ఠాగూర్, బొమ్మలు వేసింది నందలాల్ బోస్.

75 ఏళ్ల వయసులో స్టేజీ ఎక్కి..

డబ్బు కష్టాలు మాత్రం చివరిదాకా తప్పలేదు. 1936లో, 75 ఏళ్లు నిండబోతున్న వయసులో, నృత్యనాటక బృందాన్ని వెంటబెట్టుకుని ఊరూరా ప్రదర్శనలిస్తూ ఢిల్లీ వచ్చారు. అంతా విశ్వభారతి అప్పు తీర్చడానికే. ఈ వయసులో ఈ తిరుగుడు చూడలేక గాంధీ ఒక దాతతో రూ.60 వేలు ఇప్పించి, మిగతా పర్యటన ఆపించారు. 1940లో గాంధీ మళ్లీ వచ్చినప్పుడు.. తన తర్వాత ఈ సంస్థను చూసుకోవాలని ఠాగూర్ ఉత్తరం రాసి ఆయన చేతిలో పెట్టారు.

1941 ఆగస్టు 7న ఠాగూర్ కన్నుమూశారు. పుట్టిన జొరాసాంకో ఇంట్లోనే. చిన్నప్పుడు సుద్దగీతలో కూర్చోబెట్టిన ఇంట్లోనే.

1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైంది. 2023 సెప్టెంబర్‌లో శాంతినికేతన్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడైనా పిల్లలకు పది రోజులు బ్యాగు లేని రోజులు ఉండాలంటోంది. వడ్రంగం, కుండల తయారీ, తోటపని లాంటివి ఆ పది రోజుల్లో చూపించాలంటోంది. శాంతినికేతన్‌లోని పాఠభవన్‌లో మాత్రం అది ఏడాది పొడవునా సాగే పద్ధతి. సెలవు ఆదివారం కాదు, బుధవారం. మిగతా రోజుల్లో పొద్దున్నే చాపలు పట్టుకుని పిల్లలు ఇప్పటికీ చెట్ల కిందికే వెళ్తున్నారు.