యాదృచ్ఛికమునకు లెక్క కట్టిన పాయిజాన్

1963 జూలై 26న నిజామాబాదు జిల్లా పోచంపాడు వద్ద గోదావరిపై ఆనకట్టకు పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన గావించెను. నేడది శ్రీరామసాగరమని ప్రసిద్ధము. ఇట్టి కట్టడమును తలపెట్టు ఇంజనీరును వేధించు ప్రశ్న యొకటి కలదు. మహోగ్రమైన వరద సగటున నూరేండ్లకొకసారి వచ్చునని తేలినచో, ఒకమారు వచ్చిపోయిన పిదప మరి నూరేండ్లు నిశ్చింతగా నుండవచ్చునా? ఉండరాదని అంకెలతో నిరూపించు సూత్రము ఫ్రెంచి గణితవేత్త సిమియోన్ డెనిస్ పాయిజాన్ పేర వెలసినది.

పాయిజాన్ 1781 జూన్ 21న ఫ్రాన్సు దేశమున పితివియే పట్టణములో జన్మించెను. తండ్రి ఒకప్పుడు సామాన్య సైనికుడు. కుమారుని శస్త్రవైద్యునిగా చేయదలచి, ఆ వృత్తిలోనున్న బంధువు నొద్దకు పంపెను. బాలుని చేతికి నిలకడ తక్కువ. క్యాబేజీ ఆకుల ఈనెలపై కత్తి మొన గుచ్చుట అతని తొలి పాఠమట. పిదప స్వయముగా చికిత్స చేసిన తొలి రోగులలో నొకడు కొన్ని గంటలలోనే మరణించెననియు, ఇట్టివి సాధారణమేయని వైద్యులు ఓదార్చినను అతని మనసు కుదుటపడలేదనియు చెప్పుదురు. అతడు వైద్యమును విడనాడెను.

ఫాంటెన్‌బ్లో పాఠశాలలో బిల్లీయను ఉపాధ్యాయుడు ఆ బాలుని ప్రతిభను గుర్తించి గణితమునకు మరల్చెను. 1798లో పాయిజాన్ పారిస్ పాలిటెక్నిక్ విద్యాలయ ప్రవేశపరీక్షలో ప్రథముడుగా నెగ్గెను. లగ్రాంజ్, లాప్లాస్ వంటి ఉద్దండులు అతనిని మెచ్చుకొనిరి. పటములు గీయుటకు చేయి సహకరింపకున్నను బుద్ధికి అడ్డు లేకపోయెను. 1800లో ఆ విద్యాలయముననే బోధన కుదిరెను, 1806లో ఆచార్యుడయ్యెను. పరిశోధన, బోధన అను రెండింటికే ఆయన జీవితము అంకితమయ్యెను.

1837లో న్యాయస్థానముల తీర్పుల సంభావ్యతపై గ్రంథము ప్రకటించెను. అందలి యొక చిన్న భాగమే ఆ సూత్రము. అవకాశములు అసంఖ్యాకములై, ఒక్కొక్క దానిలో సంఘటన జరుగుట మిక్కిలి అరుదై, ఒకటి మరియొకదానిని ప్రేరేపింపనిచో, సగటు ఒక్కటి తెలిసిన చాలును. అది అసలే జరుగకుండుట, ఒకసారి జరుగుట, రెండుసార్లు జరుగుట ఎంతెంత తరచో లెక్కింపవచ్చును. 1840 ఏప్రిల్ 25న పాయిజాన్ కన్నుమూసెను. ఆనాటికి ఈ సూత్రపు విలువ లోకమునకు అంతగా తెలియదు.

1898లో బోర్ట్‌కేవిచ్ అను పండితుడు ప్రష్యా సైన్యములో గుఱ్ఱముల తాపులచే మరణించిన సైనికుల లెక్కలను పరిశీలించెను. పది దళములు, ఇరువది యేండ్లు. వెరసి 200 దళసంవత్సరములు. మరణములు 122; సగటు 0.61. మరణమే లేనివి 109, ఒకటి గలవి 65, రెండు గలవి 22, మూడు గలవి 3, నాలుగు గలది 1. సూత్రము చెప్పిన సంఖ్యలు వరుసగా సుమారు 109, 66, 20, 4, 1. ఒక దళములో ఒకే యేట నలుగురు చనిపోయినంతమాత్రమున అధికారి అజాగ్రత్తయే కారణమనరాదని దీనివలన తేలినది.

ఇక గోదావరి మాట. సగటున నూరేండ్లకొకసారి వచ్చు వరదను గూర్చి సూత్రము చెప్పునది ఇది. నూరేసి యేండ్ల కాలఖండములు నూరు తీసికొన్నచో, సుమారు 37 ఖండములలో ఆ వరద రానేరాదు; 37 ఖండములలో ఒకసారి, 18 ఖండములలో రెండుసార్లు, తక్కిన 8 ఖండములలో మూడు లేక అంతకు మించి వచ్చును. వరదకు వంతులు లేవు. వాతావరణము మారినచో సగటునే మరల కట్టవలయును. మహావరదను చూచిన తాత, అది మరల రాదని మనుమనికి మాట యీయజాలడు. అందుచే ఆనకట్ట కట్టువారు గడచిన వరదను నమ్మి ఊరకుండక, రాగల వరదకై తూముల నమర్చుదురు.