రెండు గంటలకొకసారి పక్క మార్పించిన డాక్టరు

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. గాంధీగారిని గురించీ ప్రకాశంగారిని గురించీ వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను సర్ లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరును ఎంచుకున్నాను. పారాలింపిక్ క్రీడలకు మూలపురుషుడని లోకం ఆయనను ఎరుగును. నేను తలచుకునేది మాత్రం వేరే పనికి.

1974లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా లైన్ గ్యాంగులో ఒక హెల్పర్ స్తంభం మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. నడుము క్రింద స్పర్శ పోయింది. కదిలించవద్దని ఆస్పత్రిలో చెప్పారని ఇంట్లో కూడా ఎవరూ కదిలించలేదు. పిరుదు మీద ఎర్రమచ్చ లేచి, కొద్ది రోజులకే లోతైన పుండయింది. మూత్రం గొట్టంలో చీము, చలిజ్వరం. ఏడో నెలలో పోయాడు. వెన్ను విరిగితే ఇంతేనని సరిపెట్టుకున్నాం. ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు గుట్‌మన్ గురించి చదివినప్పుడు కానీ, అతన్ని చంపింది వెన్ను కాదని నాకు తెలియలేదు.

గుట్‌మన్ 1899 జులై 3న, అప్పట్లో జర్మనీలో ఉన్న టోస్ట్ అనే ఊళ్ళో యూదు కుటుంబంలో పుట్టారు. 1917లో గని కార్మికుల ఆస్పత్రిలో వార్డుబాయ్ పనికి వెళ్ళినప్పుడు, వెన్ను విరిగిన ఒక బొగ్గుగని కుర్రవాడిని చూశారు. వాడు కొన్ని వారాలలో పోతాడని పెద్ద డాక్టర్లు ముందే తేల్చేశారు. అలాగే పుండ్లతో, మూత్రంలో చీముతో పోయాడు. గుట్‌మన్ ఆ కుర్రవాణ్ణి జీవితాంతం మరువలేదు.

నాడీవైద్యంలో పేరు తెచ్చుకున్నాక, 1933లో నాజీలు ఉద్యోగం తీసివేశారు. బ్రెస్లావ్‌లోని యూదుల ఆస్పత్రిలో చేరి, 1938 నవంబరు అల్లర్ల రాత్రి తలుపు తట్టిన వారందరినీ రోగులుగా చేర్చుకున్నారు. మర్నాడు పోలీసులు వచ్చి నిలదీస్తే, ఒక్కొక్కరికి ఒక్కొక్క జబ్బు చెప్పి 64 మందిలో 60 మందిని కాపాడారు. 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండు చేరారు.

1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండెవిల్‌లో వెన్ను దెబ్బతిన్న సైనికుల వార్డు ఆయన చేతికి వచ్చింది. అంతవరకు అటువంటివారిని పిండికట్టు తొట్టెలలో పడుకోబెట్టి వదిలేసేవారు. ఆయన ఆ తొట్టెలు తీయించారు. దిండ్లు అమర్చి, పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాలని ఉత్తరువు వేశారు. అర్ధరాత్రి తానే వార్డులోకి వచ్చి తనిఖీ చేసేవారట. స్పర్శ లేనివానికి ఒరిపిడి తెలియదు కనుక ఇంకొకరి చేయి కావాలి. అంతే రహస్యం. మూత్రం విషయంలో కూడా గొట్టం లోపలే ఉంచేయకుండా, వేళకు శుభ్రంగా పెట్టి తీసివేసే పద్ధతి ప్రవేశపెట్టారు. మొదటి రోజులలో ఆ పని డాక్టర్లే చేయాలని ఆయన పట్టు.

మరొక సంగతి మన ఇళ్ళలో తెలిసి ఉండాలి. మెడ దగ్గర, ఛాతీ పైభాగంలో వెన్నుపాము దెబ్బతిన్నవారికి మూత్రాశయం నిండి బిగిస్తే రక్తపుపోటు ఒక్కసారిగా పెరిగి, విపరీతమైన తలనొప్పి, ముఖాన చెమటలు వస్తాయి. విటరిడ్జ్ అనే శాస్త్రజ్ఞునితో కలసి 1947లో దీనిని వివరించారు. అటువంటప్పుడు వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, గొట్టం మడత పడిందేమో చూచి, డాక్టరును పిలవాలి. ఆలస్యమైతే ప్రాణాపాయం.

పుండ్లు మానినవారిని ఊరికే ఉండనీయలేదు. వడ్రంగం, గడియారాల రిపేరు నేర్పించారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, 16 మందితో విలువిద్య పోటీ పెట్టించారు. 1960లో రోములో ఆ పోటీలకు 23 దేశాలు వచ్చాయి. 1965 యుద్ధంలో గుండ్లు తగిలి వెన్ను దెబ్బతిన్న మన జవాను మురళీకాంత్ పేట్కర్ 1972లో ఈతలో బంగారు పతకం తెచ్చింది ఈ క్రీడలలోనే. గుట్‌మన్‌కు 1966లో సర్ బిరుదు వచ్చింది. 1980 మార్చి 18న కన్నుమూశారు.

క్రిందటి ఏడాది మన సభ్యులొకరి అబ్బాయి స్కూటరు ప్రమాదంలో నడుము దెబ్బతిని ఇంటికి వచ్చాడు. నేను వెళ్ళి గోడకు ఒక కాగితం అంటించి వచ్చాను, రెండేసి గంటలకొక గడి. రాత్రి రెండు గంటల గడిలో తండ్రిగారు మస్టరులో పెట్టినట్టే పొట్టి సంతకం పెడుతున్నారు. మొన్న చూశాను, కుర్రవాడి వీపు మీద మచ్చ కూడా లేదు.