మూడు ఎన్నికలు, రెండు రాజీనామాలు: వరాహగిరి వేంకటగిరి

విజయనగరం నుండి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయపూరు వెళ్ళే రైలుమార్గం ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. ఆ కంపెనీ కార్మికులను సంఘటితపరచిన నాయకులలో వరాహగిరి వేంకటగిరిగారు ప్రముఖులు. ఆయన రాజకీయ జీవితాన్ని మలుపు త్రిప్పిన మూడు ఎన్నికలు మన ఉత్తరాంధ్రలోనే జరిగినవి.

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించినారు. న్యాయశాస్త్రం చదువుటకు 1913లో డబ్లిన్ వెళ్ళినారు. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమంతో సంబంధం కలిగినందున 1916లో ఆ దేశం విడిచి రావలసివచ్చినది. పిదప ఆయన శక్తియుక్తులు కార్మికులకే అంకితమైనవి. 1926లో అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులైనారు.

1937 ఎన్నికలలో ఆయన బొబ్బిలిలో నిలిచినారు. ప్రత్యర్థి సాక్షాత్తు బొబ్బిలి రాజావారు. మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉండిన జస్టిస్ పార్టీ నాయకులు. ఆనాడు ఓటుహక్కు కొద్దిమందికే ఉండేది. అయినను రాజావారు తమ సంస్థానంలోనే ఓడిపోయినారు. గిరిగారు రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయినారు.

1952లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూగారి మంత్రివర్గంలో కార్మికశాఖ వహించినారు. యజమానులు, కార్మికులు కూర్చుండి మాట్లాడుకొని తగవులు తీర్చుకొనవలెనని ఆయన మతం. అయితే బ్యాంకు ఉద్యోగుల విషయమై అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును 1954లో ప్రభుత్వం వారికి నష్టం కలిగేటట్లు సవరించినది. తీర్పును ప్రభుత్వమే మార్చినచో కార్మికునికి ఇక దిక్కేది? గిరిగారు మంత్రిపదవిని వదలుకొన్నారు.

1957లో పార్వతీపురం ఆయనకు ఎదురుతిరిగినది. అది ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు ప్రత్యేకించబడినది. ఇద్దరు గిరిజన అభ్యర్థులకే అధిక సంఖ్యలో ఓట్లు రాగా, సాధారణ స్థానం కూడ డిప్పల సూరిదొరగారికి దక్కినది. గిరిగారు న్యాయస్థానం కెక్కినారు. 1959లో సుప్రీంకోర్టు దొరగారి ఎన్నికనే నిలబెట్టినది. ద్విసభ్య నియోజకవర్గాలు 1961 చట్టంతో రద్దయినవి. ఇరువదేండ్ల క్రిందట రాజును ఓడించిన ఓటు, వయోజనులందరి చేతికీ వచ్చిన తరువాత, ఆ రాజును గెలిచిన నాయకుని కూడ ఓడించినది. ప్రజాస్వామ్యంలోని సొగసు ఇదియే.

అటుపిమ్మట ఆయన ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను పనిచేసినారు. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో స్వతంత్రునిగా పోటీచేయుటకు ఆ పదవికీ రాజీనామా ఇచ్చినారు. రెండవ ప్రాధాన్య ఓట్ల లెక్కింపులో గెలిచినారు. 1975లో భారతరత్న పొంది, 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూసినారు.

ఆయన అధిష్ఠించిన పదవుల పట్టిక విద్యార్థులు సులభంగా వల్లెవేయగలరు. దానితోపాటు 1954లో వదలుకొన్న పదవిని గూర్చి కూడ ఉపాధ్యాయులు వారికి చెప్పవలెను.