ఇమామ్ గజాలీ (రహ్మలై): వైద్యులకు అందని జబ్బు

ఆరాధనలో కలిగే అనుభూతి అంతా మెదడులోని రసాయనాల పనేనని కొందరు అంటుంటారు. ఆ మాట విన్నప్పుడు మాకు ఇమామ్ గజాలీ (రహ్మలై) గుర్తుకొస్తారు.

ఆయన 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. 1091లో బాగ్దాద్ నిజామియా మద్రసాలో ఆచార్యులయ్యారు. పేరు ప్రతిష్ఠలకు కొదవలేదు. కాని తాను బోధిస్తున్నది అల్లాహ్ ప్రసన్నత కోసమా, కీర్తి కోసమా అన్న మథనం ఆయన్ని కుదిపేసింది. 1095లో నోట మాట పడిపోయింది, ముద్ద దిగలేదు. జబ్బు హృదయంలో పుట్టి దేహానికి పాకిందని చెప్పి వైద్యులు చేతులెత్తేశారు. ఆయన పదవిని వదిలి డమాస్కస్, బైతుల్ మఖ్దిస్, మక్కాలకు వెళ్లారు. ఏళ్ల తరబడి ఏకాంతంలో, జిక్ర్‌లో గడిపారు. ‘ఇహ్యా ఉలూముద్దీన్’ రచించారు. 1106లో నైషాపూర్‌లో మళ్లీ బోధించి, 1111లో తూస్‌లోనే కన్నుమూశారు.

ఆరోగ్యమంటే ఏమిటో తెలియడం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరని ఆయన తన ఆత్మకథలో వివరించారు. జబ్బుపడిన వైద్యుడికి మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. నమాజు వేళ మెదడులో మార్పులు వస్తే రావచ్చు. తేనె రుచి చూసినా వస్తాయి. అంతమాత్రాన తేనె లేదనగలమా? అనుభూతి ఎలా కలిగిందో మెదడు పరీక్ష చెప్పవచ్చుగాని, అది సత్యమో కాదో తేల్చలేదు. అయితే అనుభూతి కలిగినంత మాత్రాన మనమూ మురిసిపోరాదు. ఇమామ్‌గారిలా మన సంకల్పాన్ని పరీక్షించుకుందాం. మన నమాజు మన నడవడిని మార్చిందా?