దివానుగిరియు విద్యావ్యాసంగమును: కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి జీవితము

జీవనోపాధికై చేయు ఉద్యోగ మొకటి, మనస్సు కోరు వ్యాసంగము వేరొకటి అయినప్పుడు, ఆ రెంటి నడుమ సంసారమును కూడ ఈదవలసినవానికి దినమునకు ఇరువదినాలుగు గంటలు చాలవు. ఈ చిక్కు నేటి ఉద్యోగులకు క్రొత్తగా వచ్చినది కాదు. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకు పునాదులు వేసిన మహనీయులలో ఒకరైన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు, ఒక సంస్థానపు కొలువులో నుండియే తమ భాషాసేవను సాగించిరి. ఆ భారములను వారెట్లు పొసగించిరో, ఎచ్చట పొసగింపజాలకపోయిరో తెలిసికొనుట గ్రంథాలయ పాఠకులకు ఉపయుక్తము.

పంతులుగారు 1877 మే 18వ తేదీన కృష్ణామండలమున నందిగామ తాలూకా పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. మూడేండ్ల ప్రాయముననే పితృవియోగము కలిగెను. కొంతకాలము భువనగిరిలో సవతియన్నగారి యొద్దను, పిమ్మట నాగపురమున అక్కబావల యొద్దను ఉండి విద్య నభ్యసించిరి. ఆ అక్కగారే భండారు అచ్చమాంబగారు. ఆమె బడిలో చదివినవారు కారు. తమ్ముడు చదువుకొనునప్పుడు ప్రక్కన కూర్చుండి అక్షరములు నేర్చి, కాలక్రమమున అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించిన విదుషీమణి యైరి. ఇంటిపనికిని విద్యకును వైరము లేదను సత్యము పంతులుగారికి ఆ యింటనే బోధపడియుండును.

1900లో బి.ఏ. పట్టము పొందినపిమ్మట పంతులుగారు మునగాల సంస్థానమున ఉద్యోగమున ప్రవేశించిరి. మునగాల పరగణా నాడు కృష్ణా జిల్లాకు చేరినదే యైనను, నిజాం రాజ్యము నడుమ ద్వీపమువలె నుండెడిది. కొలువు దొరకగానే పుస్తకములు కట్టిపెట్టుట లోకరీతి. పంతులుగారు అట్లు చేయక, ఉద్యోగము నిర్వహించుచునే ప్రయివేటుగా చదివి 1902లో ఎం.ఏ. పరీక్షయందు కృతార్థులైరి. అనంతరము ఆ సంస్థానమునకు దివానులైరి. దివానుగిరి పేరునకు మాత్రమే యుండు పదవి కాదు. శిస్తు వసూళ్లు, కరణముల లెక్కలు, రైతుల మొరలు, న్యాయస్థానములలో వ్యాజ్యములు, ఇవన్నియు దివానుగారి తలమీదివే.

అయినను ఆ కొలువున ఒక అదృష్టము కలదు. ఏలినవారైన రాజా నాయని వేంకటరంగారావుగారు స్వయముగా భాషాభిమానులు. దివానుగారి వ్యాసంగమును రాజావారు తమ పనికి అడ్డుగా తలపక, అందు తామును పాలుగొనిరి. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినప్పుడు, రాజావారును, రావిచెట్టు రంగారావుగారును, పంతులుగారును దాని స్థాపనకు పూనుకొనినవారిలో ముఖ్యులు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడెను. తెలుగునకు రాజాదరణము లేని ఆ రాజ్యమున ఈ నిలయములు చదువరులకు చలివేంద్రములైనవి.

1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసినది. 1908లో అది మద్రాసునకు మారినది. చరిత్ర, ప్రకృతిశాస్త్రములు, మహాపురుషుల జీవితములు సులభమైన తెలుగున అందించుట దాని ఆశయము. సంపాదకులైన పంతులుగారు ఇచ్చట ఒక మెలకువ చూపిరి. గ్రంథములన్నియు తామే వ్రాయబూనక, ఏ విషయమున ఎవరు సమర్థులో గుర్తించి వారిచేత వ్రాయించిరి. 1907లో వెలువడిన ప్రథమ గ్రంథము, అబ్రహాము లింకను చరిత్రము, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి రచన. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము వెలువడినది. తీరిక తక్కువగల ఉద్యోగి ఒక్కడు చేయజాలని పనిని పదిమంది చేతులు చేసినవి.

సంస్థానపు వ్యాజ్యములు పంతులుగారిని మద్రాసునకు రప్పించినవి. ఉద్యోగధర్మమై వచ్చిన ఆ నివాసమే వ్యాసంగమునకు అనుకూలించినది. ముద్రణాలయములు, గ్రంథాలయములు, పండితులు అన్నియు ఆ నగరముననే కలవు. ఎగ్మూరులోని వారి గృహము వేదవిలాసము విద్వాంసులకు విడిదియైనది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1919 మే 27వ తేదీన తనువు చాలించినది ఆ యింటనే. అట్టి గృహమును నడుపుట ఇల్లాలైన కోటమాంబగారికి ఎంతటి శ్రమయో ఊహింపవచ్చును. ఉద్యోగమును విద్యాకృషిని జోడించిన పురుషుల చరిత్రలలో ఇట్టి శ్రమ తఱచుగా లెక్కకు రాదు.

1905లో అచ్చమాంబగారు అకాలమరణము నొందిరి. మరుసటి యేట జన్మించిన కుమార్తెకు పంతులుగారు అక్కగారి పేరే పెట్టుకొనిరి. ఆ బాలిక పెద్దయై వైద్యురాలిగా పేరొంది, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైనది. తమ్ముని ప్రక్కన కూర్చుండి ఒక స్త్రీ దిద్దిన అక్షరములు ఆ కుటుంబమున వృథాపోలేదు.

ఇక పంతులుగారి మహాసంకల్పము ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. లోకమున తెలియదగిన విషయముల నన్నిటిని అక్షరక్రమమున తెలుగువారి కందింప వారు సాహసించిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు మొదలైనవారు తోడ్పడినను, అనేక వ్యాసములు తామే వ్రాయుట, తక్కినవానిని సరిచూచుట, ధనము సమకూర్చుట పంతులుగారి మీదనే పడినవి. మండలి విషయమున చేసినట్లు భారమును పంచుట ఇచ్చట సాధ్యపడలేదు. సంస్థానపు పని తగ్గలేదు, ఉబ్బసవ్యాధి బాధించుచుండెను. మూడు సంపుటములు వెలువడినవి. అవి మూడును అకారముతోనే సరిపోయినవి. 1923 జూలై 12వ తేదీన, నలువదియాఱేండ్ల వయస్సున, పంతులుగారు పరమపదించిరి. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ మహాకార్యమును తిరిగి చేపట్టిరి.

కాలమంతయు వినియోగించి, శరీరమునకు కావలసిన విశ్రాంతిని లెక్కలో చేర్చకపోవుట ఈ జీవితమునందలి లోటు. కొలువును నిందింపక దానిలోనే వెసులుబాటు కల్పించుకొనుట, ఇంటివారిని విద్యకు దూరము చేయకుండుట, పనిని పదిమందికి పంచుట ఇందలి గుణములు. పదిమందితో కలిసి నిలిపిన భాషానిలయము నూఱేండ్లు దాటి నిలిచినది. ఎక్కువ భారము ఒక్కరే మోసిన సర్వస్వము తొలి యక్షరమున ఆగినది. పొలమునుండియో, కచేరీనుండియో పని ముగించుకొని, సాయంకాలము ఒక గడియ గ్రంథాలయమున కూర్చుండు ప్రతి పాఠకుడును ఎఱిగియో యెఱుగకయో పంతులుగారి దారిన నడచుచున్నవాడే. చదివిన పుస్తకమును మరునాడు ఇంకొకరి చేతికి అందించినచో, ఆ దారి మరి కొంత ముందునకు సాగును.